కుటుంబాన్ని విడదీసే రోగం: కోలౌ కథ ఎవరు రాశారు?



కుష్టు గురించి మన గ్రూప్‌లో ఇంత పెద్ద పోస్ట్ ఎందుకా అనుకోకండి. కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి. మన ఊళ్లలో దీన్ని పెద్దరోగం అంటారు, పేరెత్తడానికే జంకుతారు. ఈ రోగం పేరు చెప్పి ఒక మూలవాసి జాతిని ఎలా చెదరగొట్టారో, ఆ కథను బయటివాడు ఒకలా, ఇంటిమనిషి ఇంకోలా ఎలా రాశారో ఇవాళ చెప్పుకుందాం. ఇది పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల కథ. వినేకొద్దీ మన కథలాగే అనిపిస్తుంది.

1778లో కెప్టెన్ కుక్ ఓడలు హవాయికి వచ్చాయి. ఆ వెనకే వ్యాపారులు, మిషనరీలు, చెరకు తోటల యజమానులు దిగారు. వాళ్లతో పాటు సుఖవ్యాధులు, తట్టు, ఫ్లూ, మశూచి కూడా వచ్చాయి. లక్షల్లో ఉన్న మూలవాసులు 1890 జనాభా లెక్కల నాటికి, మిశ్రమ సంతానాన్ని కలుపుకున్నా, 40 వేల చిల్లర మిగిలారు. భూములు చాలావరకు తోటల వాళ్ల చేతికి పోయాయి.

కుష్టు కూడా ఈ కాలంలోనే పాకింది. 1865లో దీన్ని ఆపడానికంటూ ఒక చట్టం చేశారు. సంతకం పెట్టిన రాజు ఐదో కమేహమేహా మూలవాసే. కానీ ఆయన చుట్టూ ఉన్న మంత్రుల్లో, అధికారుల్లో తెల్లవాళ్లు ఎక్కువ. ఆ చట్టం ప్రకారం కుష్టు ఉందని అనుమానం వచ్చినా పట్టుకెళ్లొచ్చు. 1866 జనవరి 6న మొదటి విడతలో 12 మందిని మొలొకాయి దీవిలోని కలౌపాపా ద్వీపకల్పానికి తీసుకెళ్లి దించారు. దానికి మూడు పక్కలా సముద్రం, నాలుగో పక్క గోడలా నిలబడ్డ కొండ. జైలు కట్టాల్సిన పనే లేదు. అప్పటినుంచి 1969లో ఆ నిర్బంధం ఎత్తేసేదాకా దాదాపు 8 వేల మందిని అక్కడికి పంపారు. నూటికి తొంభైమందికి పైగా మూలవాసులే. అక్కడ పుట్టిన పసిబిడ్డల్ని కూడా తల్లుల దగ్గర ఉంచలేదు, తీసుకుపోయారు.

హవాయి వాళ్లు ఈ రోగానికి తమ భాషలో పెట్టుకున్న ఒక పేరుంది. దాని అర్థం ‘కుటుంబాన్ని విడదీసే రోగం’. గమనించండి, ఒంటిమీది మచ్చల గురించి గానీ, వంకర పోయిన వేళ్ల గురించి గానీ ఆ పేరులో ఒక్క మాట లేదు. వాళ్లకు తగిలిన అసలు దెబ్బ ఏదో ఆ పేరే చెబుతోంది. మొదట్లో రోగి వెంట భార్యో, భర్తో, తల్లో ఇష్టపడి వెళ్లి సేవ చేసుకునే వీలుండేది. అలా వెళ్లినవాళ్లను ‘కోకువా’ అనేవాళ్లు, అంటే సాయం చేసే మనిషి. కలౌపాపా అంటే లోకమంతా ఫాదర్ డేమియన్ పేరు చెబుతుంది. 1873లో వెళ్లి, రోగులకు సేవ చేసి, అదే రోగంతో 1889లో చనిపోయాడు. గొప్ప మనిషే, దణ్ణం పెడదాం. కానీ ఆయన రాకముందు నుంచీ అక్కడ పుండ్లు కడిగి, అన్నం పెట్టి, గోతులు తవ్విన కోకువాల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఇక కోలౌ దగ్గరికొద్దాం. కవాయి దీవిలో పశువుల్ని కాసే యువకుడు, గురి తప్పని వేటగాడు. భార్య పియిలాని, కొడుకు కలెయిమను. కోలౌకి కుష్టు అని తేల్చారు. ‘నా భార్య నాతో వస్తే మొలొకాయికి వస్తా’ అన్నాడు. కుదరదన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1893 జనవరిలో, తోటల యజమానులు, వ్యాపారులు అమెరికా సైనికుల అండతో రాణి లిలియువొకలానిని గద్దె దించి తాత్కాలిక ప్రభుత్వం పెట్టుకున్నారు. కోలౌ కుటుంబం కలలౌ అనే లోతైన లోయలోకి వెళ్లిపోయింది. కొడుక్కి కూడా ఆ రోగమే వచ్చింది.

జూన్‌లో పట్టుకోవడానికి వచ్చిన డిప్యూటీ షరీఫ్ స్టోల్జ్ కోలౌ తూటాకు చనిపోయాడు. జులైలో ప్రభుత్వం ఫిరంగితో సహా సైనికుల్ని దింపింది. లోయలో దొరికిన మిగతా రోగుల్ని మొలొకాయికి పట్టుకెళ్లారు. కోలౌ మాత్రం దొరకలేదు. ఇద్దరు సైనికులు అతని తూటాలకు, ఇంకొకడు తన తుపాకీ తనకే పేలి చనిపోయారు. చివరికి సైన్యం వెనక్కి తిరిగింది. ఆ ముగ్గురూ మూడేళ్లకు పైగా కొండల్లోనే దాక్కుని బతికారు. ముందు బిడ్డ పోయాడు, తర్వాత కోలౌ పోయాడు. పియిలాని ఒక్కతే గొయ్యి తవ్వి, అతని తుపాకీతో సహా పూడ్చిపెట్టి, ఒంటరిగా లోయ దాటి పుట్టినచోటికి నడిచి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. అమెరికా రచయిత జాక్ లండన్ ఈ ఘటన మీద ‘కోలౌ ది లెపర్’ అనే కథ రాశాడు. 1912లో వచ్చిన ‘ది హౌస్ ఆఫ్ ప్రైడ్’ పుస్తకంలో ఉంది. తెల్లవాళ్లు భూమి కాజేశారని కోలౌ నోటితో అనిపించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రోగుల్ని ఎలా చూపించాడు? మనుషుల్లా కాదు, భయపెట్టే వికార రూపాల్లా. కోలౌ వాళ్లకు రాజు. చివరికి అందరూ వదిలేసి పోతే ఒంటరిగా, తుపాకీ పట్టుకుని చస్తాడు. పక్కన పియిలాని లేదు. కలెయిమను లేడు. ఏ కుటుంబం కోసం అతను తుపాకీ ఎత్తాడో ఆ కుటుంబాన్నే కథలోంచి తీసేశాడు. చట్టం విడదీయలేకపోయిన వాళ్లను కథ విడదీసింది.

పియిలాని తన కథను తనే చెప్పింది. జాన్ షెల్డన్ అనే హవాయి రచయిత రాసిపెట్టగా 1906లో హవాయి భాషలో పుస్తకంగా వచ్చింది. అప్పటికి పదేళ్ల ముందే, 1896లో, బడుల్లో ఇంగ్లీషు మాత్రమే ఉండాలని చట్టం చేశారు. బడి నుంచి గెంటేసిన భాషలో, భర్తనూ బిడ్డనూ పోగొట్టుకున్న ఆడమనిషి చెప్పిన చరిత్ర అది. అందులో కోలౌ ఒక భర్త, ఒక తండ్రి. అది ఇంగ్లీషులోకి వచ్చేసరికి 1987 అయింది. అన్నేళ్లూ ప్రపంచం చదివింది లండన్ కథనే.

ఇంకో సంగతి. ఇద్దరు రోగులతో మూడేళ్లకు పైగా ఒకే చోట తిని పడుకున్న పియిలానికి కుష్టు రాలేదు. కుష్టు సూక్ష్మజీవి వల్ల వస్తుందని నార్వే డాక్టర్ హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. కానీ అది అంత తేలిగ్గా అంటుకోదు. చాలామంది ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. భయం మాత్రం రోగం కంటే వేగంగా పాకింది.

ఆ భయం మన దేశం దాకా వచ్చింది. డేమియన్ మరణంతో ఇంగ్లండ్‌లో కలవరం పుట్టి, అక్కడినుంచి 1890లో ఒక కుష్టు కమిషన్‌ను ఇండియాకి పంపారు. అందరినీ బలవంతంగా వేరుచేయాల్సినంత ప్రమాదం లేదని ఆ కమిషనే తేల్చింది. అయినా 1898లో లెపర్స్ యాక్ట్ వచ్చింది. ఇల్లూ వాకిలీ లేక అడుక్కునే రోగిని వారెంట్ లేకుండా పట్టుకుని నిర్బంధ కేంద్రంలో పెట్టొచ్చు. వారెంట్ లేని ఈ అరెస్టు ఆస్తి ఉన్నవాడికి వర్తించలేదు. అది రద్దయింది 2016లో. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనల్ని తీసేసింది 2019లో. అంటే మొన్నటిదాకా ఇక్కడ కూడా అది ‘కుటుంబాన్ని విడదీసే రోగమే’.

మన సంగతి చూసుకుందాం. మన్యం జ్వరాల గురించి, మన ఆచారాల గురించి రాసినవాళ్లు ఎక్కువగా అధికారులు, మిషనరీలు, పరిశోధకులు. హైమెండార్ఫ్ లాంటివాళ్లు ప్రేమతోనే రాశారు. అయినా అది బయటినుంచి చూసిన చూపే. మశూచి వచ్చినప్పుడు గూడెం వదిలి ఎక్కడికి పోయారు, పెద్దరోగం వచ్చినవాళ్లకు అన్నం ఎవరు పెట్టారు, ఎవరిని ఊరవతల ఉంచారు, ఇవి మన అవ్వలకు, తాతలకే తెలుసు. మనవాళ్లు చేసిన మంచీ రాయాలి, వెలివేసిన సంగతులుంటే అవీ దాచకుండా రాయాలి.

అందుకే రెండు పనులు. ఒకటి, ఒంటిమీద స్పర్శ తెలియని మచ్చ ఎవరికైనా కనిపిస్తే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటుకోదు. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంకర పోతాయి, అది మళ్లీ వెనక్కి రాదు. రెండు, ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చుని పాత రోగాల కాలం గురించి అడగండి. కోయలోనో, గోండిలోనో, సవరలోనో, కువిలోనో వాళ్లు ఎలా చెబితే అలాగే తెలుగు అక్షరాల్లో రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. రోగుల పేర్లు మాత్రం బయటపెట్టకండి.

మీరు విన్నవి ఇక్కడ రాయండి. అందరం చదువుదాం.

జై ఆదివాసీ.