పరమవీరచక్రము

లోకరక్షణార్థమై తన యస్థికలనే యర్పించి వజ్రాయుధమునకు మూలమైన దధీచి మహర్షి వృత్తాంతమును మన పౌరాణికులు అనాదిగా చెప్పుచున్నను, ఆ త్యాగము వీరసన్మానమునకు రాజ్యచిహ్నముగా రూపుదాల్చుట స్వతంత్ర భారతమునందే సంభవించినది. 1950 జనవరి 26న నెలకొల్పబడి, 1947 ఆగస్టు 15 నుండియే వర్తించునట్లు ప్రకటింపబడిన పరమవీరచక్రమునకు రూపకల్పన చేసినది, స్విట్జర్లాండున జన్మించి, భారత సైనికాధికారిని వరించి, మన పురాణేతిహాసములను భక్తితో నభ్యసించిన సావిత్రీబాయి ఖానోల్కర్. నడుమ రాజముద్ర, చుట్టును నాలుగు వజ్రాయుధ ప్రతిరూపములు, ఊదారంగు పట్టీ. బిళ్ల మాత్రము కేవలము కంచు. బంగారమును గాని వెండిని గాని యాశ్రయింపని యీ నిరాడంబరతయే నాకు మిక్కిలి హృద్యముగా దోచును.

ప్రథమ పురస్కారము, 1947 నవంబరు 3న కాశ్మీరమునందలి బడ్గాంలో, గాయపడిన చేతికి కట్టుండగనే తన దళమును నడిపి నేలకొరగిన మేజర్ సోమనాథశర్మకు దక్కెను. సావిత్రీబాయి కుమార్తె మెట్టినది ఆ వీరుని యింటనే యని తెలిసినప్పుడు మనస్సు ఆర్ద్రమగును. ఇంతవరకు ఈ గౌరవమును పొందిన 21 మందిలో 14 మందికి అది మరణానంతరమే లభించినది. 2023 జనవరిలో అండమాన్ నికోబార్ దీవులలో పేరులేని 21 ద్వీపములకు వీరి నామములుంచిరి. వానిలో పెద్దదానికి సోమనాథుని పేరు పెట్టిరి.