మందునకుఁ దగిన మద్యసారము



మద్యసారమనఁగానే మనలోఁ బలువురకు సారాదుకాణము జ్ఞప్తికి వచ్చును. నేఁడు నేను చెప్పఁబూనినది త్రాగుడు మాట కాదు. మందు కూర్చువాఁడు పెక్కు రకముల స్పిరిటులలో దేనిని గ్రహింపవలెను, ఆ రకములు ఎట్లేర్పడినవి అను చరిత్రము మాత్రమే. బ్రతుకంతయు బడిపిల్లలకుఁ దెలుఁగును సంస్కృతమును జెప్పిన నాకు దీనితోఁ బనియేమని మీరడుగవచ్చును. కారణము కలదు.

నేను ఉద్యోగము విరమించిన క్రొత్తలో మా పొరుగున నొక పెద్దాయన యుండెను. శొంఠిని స్పిరిటులో నానవేసి, ఆ సారమును గొన్ని చుక్కలు నీటితోఁ బుచ్చుకొన్నచోఁ గడుపుబ్బరము తగ్గునని యాయన కెవరో చెప్పిరి. ఆయన వడ్రంగియొద్ద నుండి, లక్క కరఁగించి తలుపులకు మెఱుఁగు పెట్టెడి స్పిరిటు నొక సీసాలోఁ దెప్పించి, శొంఠిపొడి వేసి, మూఁత బిగించి కిటికీలో నుంచెను. నేను చూచి, "బాబాయిగారూ, ఇది లోనికిఁ బుచ్చుకొనరాదండీ" అంటిని. "పంతులుగారూ, స్పిరిటు స్పిరిటే కదా! ఎక్కడిదైన నేమి?" అని యాయన యడిగెను. నామాట మన్నించి సీసాను గ్రుమ్మరించెను గాని, ఆ ప్రశ్నకు నేను తగిన యుత్తరము చెప్పలేకపోయితిని. ఆ కొఱఁత తీర్చుకొనుటకే పిమ్మట నీ చరిత్రమును జదివితిని.

మన వైద్యులకు మద్యసారము క్రొత్త కాదు. చరకసంహితయందు 84 ఆసవములు చెప్పఁబడినవి. ఆసవారిష్టములలో బెల్లము మొదలగు తీపి వస్తువులతో ధాతకీపుష్పమును జేర్చి పులియఁబెట్టుదురు. మద్యసారము అందుఁ దనంతఁ దానే పుట్టును. కాని పులియుటవలనఁ గలుగు బలమునకు మేర యున్నది. ఆవిరిపట్టి చల్లార్చిననే బలము పెరుఁగును. బలము పెరిగినపు డది యెంతయని యడుగువాఁడు పుట్టెను. ఆ యడిగినవాఁడు వైద్యుఁడు కాఁడు, సుంకరి!

ఇంగ్లండులో సుంకము సారాయి బలమును బట్టి యుండెడిది. తుపాకిమందును సారాయితోఁ దడిపి నిప్పంటించెడివారు. నీరు హెచ్చైనచో మందు తడిసి యంటుకొనదు. అంటుకొన్నచో సరకు పరీక్షకు నిలిచినట్లు. అట్లు నిలిచినదే ప్రూఫు స్పిరిటు. అందు 100 పాళ్లకు సుమారు 57 పాళ్లు మద్యసారము. 1816లో నచ్చటి ప్రభుత్వము సైక్సు అను నాతని తేలుడు యంత్రమును జట్టబద్ధము చేసెను. అది పలుచని ద్రవమున మునిఁగియు, సాంద్రమైన ద్రవమునఁ దేలియు బలమును దెలుపును. ఇట్లు బలమును గొలుచు విద్య కుదిరినది.

ఇఁక నీరు పూర్తిగఁ దొలఁగించుట యెట్లు? ఎన్ని మాఱులు కాఁచినను, 100కు 95 పాళ్లు దాఁటిన కొలఁదికే ఆవిరిలోను ద్రవములోను నీటిపాలు సమమగును. పిదపఁ గాఁచుట వ్యర్థము. 1796లో రష్యాదేశమున లోవిట్సు అను పండితుఁడు నీరు పీల్చు క్షారమును గలిపి దిగఁబట్టి నిర్జలమద్యసారమును సాధించెను. 1902లో సిడ్నీ యంగు అను నాంగ్లేయుఁడు బెంజీను అను ద్రవమును జేర్చి నీటిని వెడలఁగొట్టు మార్గమును గనుఁగొనెను. కాని బెంజీను దేహమునకు హాని. కనుక మిక్కిలి బలము గలదే మిక్కిలి శుద్ధమను నూహ చెల్లదు. బలము వేఱు, శుద్ధి వేఱు. ఈ భేదమే నేఁటి నా ప్రసంగమునకు మూలము.

దీనికి విలువ ప్రాణములతోఁ జెల్లింపఁబడినది. 1855లో ఇంగ్లండు ప్రభుత్వము పరిశ్రమలకు సుంకము లేని స్పిరిటు నీయఁదలఁచి, త్రాగుటకుఁ బనికిరాకుండ దానిలోఁ గొయ్యస్పిరిటును గలిపించెను. అదియే మిథిలేటెడు స్పిరిటు. కొయ్యస్పిరిటు చెడువాసన గలది. ఆ వాసనయే కాపలా. పందొమ్మిదవ శతాబ్ది తుదిని అమెరికాలో దానిని వాసన లేకుండ శుద్ధి చేయ నేర్చిరి. కాపలా తొలఁగిపోయెను. అది చౌక గనుక, శొంఠిసారము మొదలగువానిలో మంచి మద్యసారమునకు బదులు చేరెను. 1904లో బుల్లరు, వుడ్డు అను నేత్రవైద్యు లిద్దఱు దానివలనఁ జచ్చినవారిని, చూపు పోయినవారిని బేర్కొని లోకమునకుఁ జాటిరి. ఆ విషము దేహమునఁ జీమలయందుండు నామ్లముగా మాఱి కంటినరమును జెఱుచును. 2020లో నదే దేశమునఁ జేతులు శుద్ధిచేసికొను ద్రవములలో నదే విషము మరల బయటఁబడినది. త్రాగినవారిలోఁ గొందఱు చనిపోయిరి, కొందఱు చూపు కోల్పోయిరి.

కాఁబట్టి మందు కూర్చువాఁడు రెండు ప్రశ్న లడుగవలెను. మొదటిది, బలమెంత? సాంబ్రాణివంటి బంకలకు 90 పాళ్ల స్పిరిటు తగును. నీటిలోఁ గరఁగు గుణము గల పట్టలకు నీరెక్కువైనది మేలు. చర్మమును శుద్ధిచేయుటకు 70 పాళ్లదే, 95 పాళ్లదానికంటె మిన్న. క్రిమిని జంపుటకు నీటి సాయము కావలయును. రెండవది, ఇంకేమి కలిసినది? నేఁటి ఐరోపా, అమెరికా ఔషధసంహితలు పదిలక్షల పాళ్లలోఁ గొయ్యస్పిరిటు 200 పాళ్లకు, బెంజీను 2 పాళ్లకు మించరాదని విధించినవి. మన దేశమున 1955లో వెలువడిన ఔషధసంహిత పేరఁ "ఐ.పి." యను గుఱుతు సీసామీఁద నుండును. మందునకు నా గుఱుతు గలదే తగినది. వార్నీషుపనికి వచ్చునది వార్నీషునకే.

ఆ పెద్దాయన ప్రశ్నకు నిప్పుడు నేను ఉత్తరము చెప్పఁగలను. "ఎక్కడిదైన నేమి?" అని కాదు, "ఎక్కడిది?" అనియే మొదట నడుగవలెను. కంటికి రెండును దేటనీరువలె నొక్కటే. మీ యిండ్ల నట్టి సీసాలున్నచోఁ బేరు వ్రాసి, మందుల యరకు దూరముగ నుంచుఁడు. ఎవరైనఁ బొరపాటునఁ బుచ్చుకొన్నచోఁ జూపు మసకబాఱువఱకు వేచియుండక వెంటనే యాసుపత్రికిఁ గొనిపొండు. ఆ విష మొక పగలో రాత్రియో యూరకుండి పిదపఁ గాటువేయును.