మట్టిలోని జీవులకు బొమ్మ కట్టిన కథ



అమరావతిలో దీపాలదిన్నె అని పూర్వులు పిలిచిన దిబ్బను మీలో చాలామంది చూచే ఉంటారు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ పట్టణం కట్టిస్తూండగా, ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిబ్బను తవ్వారు. లోపల చెక్కడపు రాళ్ళు బయటపడ్డాయి. కాలిన్ మెకంజీ అనే దొర ఆ సంగతి విని వచ్చి చూచాడు. 1816లో మళ్ళీ వచ్చి, చిత్రకారుల చేత ఆ శిల్పాలను కాగితం మీద గీయించాడు. తరువాత వాటిలో కొన్ని రాళ్ళు మాయమైనాయి. వాటికి మిగిలింది ఆ బొమ్మలే.

మట్టి కింది రాళ్ళ సంగతి సరే. మట్టిలో బ్రతికే ప్రాణుల సంగతేమిటి? గ్రాము మట్టిలో కోట్ల కొలది సూక్ష్మజీవులు, వేల రకాలవి ఉంటాయి. తొలకరి చినుకు పడగానే వచ్చే కమ్మని మట్టివాసన కూడా వాటి చలవే. కాని ఒక్కటీ కంటికి ఆనదు. కనిపించని దానిని నమ్మమంటే రైతు ఎట్లా నమ్ముతాడు?

ఈ చిక్కు పాతదే. హాలెండు దేశంలో డెల్ఫ్టు అనే ఊళ్ళో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. తానే అద్దాలు అరగదీసి, వాటితో నీటిబొట్టులోని ప్రాణులను చూచి, 1676లో లండను పండితులకు జాబు వ్రాశాడు. తనకు గీయడం బాగా రాదు గనుక ఒక చిత్రకారుణ్ణి పెట్టుకొని బొమ్మలు వేయించేవాడు.

రెండు వందల సంవత్సరాల తర్వాత అదే ఊళ్ళో బైయరింక్ అనే శాస్త్రజ్ఞుడు, పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలో ఉండే జీవిని 1888లో విడదీసి పెంచాడు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేది అదే. ఆయన పాఠం చెప్పేటప్పుడు గోడకు తగిలించడానికి పెద్ద పెద్ద రంగుల పటాలు కావలసి వచ్చాయి. వాటిని చేత్తో వేసిపెట్టింది ఆయన అక్కగారు హెన్రియెట్. ఆ పటాలు డెల్ఫ్టులో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. తమ్ముడి పేరు ప్రతి పుస్తకంలోనూ ఉంది. అక్క పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం.

ఆ రోజుల్లోనే, 1880ల్లో, వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు ఇంకొక ఉపాయం పన్నాడు. బొమ్మను మనం గీయడమెందుకు, ఆ జీవులే గీసుకుంటాయి గదా అన్నట్టు ఒక గాజు పాత్రలో బురద పోసి వెలుతురులో పెట్టాడు.

ఇది మీ ఊళ్ళోనూ చేయవచ్చు. చెరువు బురదలో చించిన కాగితం, కోడిగుడ్డు పెంకుల పొడి, వేరుశనగకు వేసే జిప్సం కొంచెం కలపండి. పొడుగాటి గాజు సీసాలో ముప్పాతిక వరకు నింపి, పైన చెరువు నీరు పోసి, మూత వదులుగా పెట్టండి. ఎండ నేరుగా తగలని కిటికీ దగ్గర ఉంచి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టండి. పైన ఆకుపచ్చ, నడుమ తుప్పు రంగు, వంగపండు రంగు, అడుగున నలుపు పొరలు పొరలుగా తేలతాయి. గాలి అందే చోట ఒక జాతి, అందని చోట వేరొక జాతి కాపురం పెడతాయన్నమాట. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. కంగారు పడకండి, అదీ వాటి పనే.

ఒక్క మాట. ఈ సీసా భూసార పరీక్షకు బదులు కాదు. మీ మిరప చేలో గాలి ఆడుతుంది గనుక, అక్కడి జీవులు ఈ బురదలోవి కావు.

చేలోని జీవులకు మన ఆడపడుచుల ముగ్గు ఉండనే ఉంది. కుళ్ళబెట్టే వాటికి ఇటుకపొడి, నత్రజని ఇచ్చే వాటికి పసుపు, ఎండు తెగులు తెచ్చే బూజుకు బొగ్గుపొడి. గ్రామాల్లో పనిచేసే వ్యవసాయ సిబ్బంది ఊరి రచ్చ దగ్గర వేయించి చూపితే, గంట ఉపన్యాసం కంటే ఎక్కువ పనిచేస్తుంది. పత్తి కట్టె తగలబెట్టిన చేనుకు ఒక ముగ్గు, పశువుల ఎరువు, పిల్లిపెసర వేసిన చేనుకు ఒక ముగ్గు పక్కపక్కన వేయించండి.

ఇదంతా వేడుక కోసం కాదు. మినుముకు, కందికి ఇచ్చే రైజోబియం పొట్లంలో ఉన్నది ప్రాణమున్న సరుకు. మందు పొడి అనుకొని ఎండలో పడేస్తే లోపలి జీవి చస్తుంది, ఖర్చు దండుగ. పొట్లాన్ని నీడన దాచండి. విత్తనానికి తెగులు మందు పట్టించేదుంటే ముందుగా పట్టించి ఆరనివ్వండి. చల్లారిన బెల్లం నీళ్ళతో రైజోబియం చివరన పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆలస్యం లేకుండా విత్తండి.

విత్తిన నెల దాటాక ఒక మొక్కను వేళ్ళు తెగకుండా పారతో పెళ్లగించి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎరుపు, గులాబి రంగు ఉంటే జీవి పనిచేస్తున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా పనిలో దిగలేదు. ఆకుపచ్చకు తిరిగితే దాని పని అయిపోయింది. ఆ మూడు రంగులనూ మీ ముగ్గులో వేయించండి.