తాండూరు కంది

వికారాబాద్ జిల్లా తాండూరు పరిసరాల్లో పండే కంది. 2022 డిసెంబర్‌లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. తాండూరు, బషీరాబాద్, యాలాల, పెద్దేముల్ మండలాలు సాగుకు పేరుపొందాయి. ఇక్కడి లోతైన నల్లరేగడిలో అట్టాపుల్గైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంటుంది. నేల అడుగున సున్నపురాయి. ఇళ్లలో పరిచే తాండూరు బండలు ఆ రాయే. పప్పులో మాంసకృత్తులు దాదాపు 22 నుంచి 24 శాతం. రుచి, వాసన, త్వరగా ఉడకడం దీని పేరుకు కారణాలు.

అపోహలూ తక్కువ కాదు. రొట్టెలు కాల్చే తందూర్ పొయ్యికీ ఈ ఊరి పప్పుకూ సంబంధం లేదు. వినడానికి ఒకేలా ఉంటాయంతే. నిగనిగలాడే పప్పే మేలైనదనుకోవడమూ పొరపాటే: ఆ మెరుపు పాలిష్‌ది. కల్తీలో కలిసే కేసరి పప్పు వేరే మొక్క గింజ. దాన్ని ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం తింటే కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది.

పప్పుతో చేసే వంటల మీదా ఇలాంటి అపోహలున్నాయి. పప్పు రుబ్బి నూనెలో వేయించడం మన సొంతమేమీ కాదు. పశ్చిమాసియా ఫలాఫెల్ మసాలా వడకు వరసకు చుట్టం. దానికి శనగలు ఉడకబెట్టాలన్నది అపోహ. నానబెట్టి పచ్చిగానే రుబ్బుతారు, ఉడికితే నూనెలో విడిపోతుంది. ఈజిప్టులో శనగల బదులు బాకలా (ఫావా బీన్స్) గింజలు వాడి, దాన్ని తామియా అంటారు.