చక్రాల మీది పొయ్యి – మన తిండి సంప్రదాయం

విజయవాడ రోడ్ల పక్కన వ్యానునే వంటశాలగా మార్చి తినుబండారాలు అమ్మేవారు ఈ మధ్య కనబడుతున్నారు. వాటిని ఫుడ్ ట్రక్కులంటున్నారు. పెసరట్టుకూ, పునుగులకూ, గోంగూర పచ్చడికీ పేరుపడ్డ ప్రాంతంలో ఈ మోటారు వంటిళ్ళు ఇముడుతాయా, లేక మన రుచులను మింగేస్తాయా అన్న చర్చ మన సభ్యుల మధ్య కూడా వచ్చింది. ఆవేశపడకుండా కాస్త వెనక్కి తిరిగి చూస్తే దీనికి జవాబు దొరుకుతుందని నా అభిప్రాయం.

ఇది అమెరికా నుంచి వచ్చిన వింత అని కొందరంటారు. అక్కడ ప్రావిడెన్స్ నగరంలో 1872లో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రపు బండిలో, ఒక పత్రికాఫీసు దగ్గర, రాత్రిపూట తిండి అమ్మడం మొదలుపెట్టాడు. హోటళ్ళు మూసిన వేళ పనిచేసేవాడికి ఆకలి వేయదా? ఆ ఆకలే బండిని పుట్టించింది. మన దగ్గరా జరిగింది అదే.

ఉయ్యూరులో 1941 నాటి కె.సి.పి. చక్కెర కర్మాగారం సంగతి అందరికీ తెలిసిందే. 1960 ప్రాంతాల్లో, మా చిన్నతనంలో, క్రషింగు మొదలైతే చెరకు బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరేవి. తూకం వంతు వచ్చేదాకా రైతులు, పాలేళ్ళు రాత్రంతా బండ్ల దగ్గరే కాపలా ఉండేవారు. వాళ్ళకోసం గంపల్లో ఇడ్లీలు, కుంపటి మీద టీ వచ్చేవి. కొన్నాళ్ళకు గంప తోపుడు బండి ఎక్కింది, కుంపటి పోయి కిరసనాయిలు స్టవ్వు, ఆ తరువాత గ్యాసు వచ్చాయి. మాఘమాసంలో వీరమ్మతల్లి తిరునాళ్ళ పదిహేను రోజులూ బజ్జీలు, జీళ్ళు, ఖర్జూరాలు అమ్మేవారితో ఊరు నిండిపోయేది.

అప్పుడు హోటళ్ళు లేవా అంటే ఉన్నాయి. విజయవాడ గాంధీనగరంలోని బాబాయ్ హోటలు 1940ల నాటిది. అయితే మన పెద్దల కాలంలో చాలా కాఫీ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. దళితులను కొన్నిచోట్ల గడప తొక్కనిచ్చేవారు కాదు, కొన్నిచోట్ల వారికి వేరే గ్లాసు పెట్టేవారు. 1950లో రాజ్యాంగం పదిహేనవ అధికరణం హోటళ్ళ తలుపులు అందరికీ తెరిచింది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. చట్టం వచ్చిన మర్నాడే గ్లాసులు మారలేదు. బండి వల్ల కులం పోయిందని నేననను. కాని బండికి ముందు గది, వెనక గది ఉండవు. రిక్షా తొక్కేవాడూ, గుమాస్తా, పేటలోని కుర్రవాడూ ఒకే పెనం ముందు నిలబడి ఒకే పచ్చడి అడగవలసిందే. సంప్రదాయం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మరువరాదు.

మన వంటను నిలబెట్టినదీ చాలావరకు ఈ చిన్నవారే. ఇంట్లో రుబ్బిన పిండి పొద్దున ఇడ్లీ, అట్టు అవుతుంది. మిగిలి పులిసిన పిండిలో కాస్త మైదా, ఉల్లి, జీలకర్ర కలిపితే సాయంత్రం పునుగులు. పిండి వృథా పోదు, పెట్టుబడి రోజుకు రెండుసార్లు తిరుగుతుంది. ఈ పొదుపులోంచే విజయవాడ పునుగుకు పేరు వచ్చింది. కనుక పొయ్యికి చక్రాలుండటం మన సంప్రదాయానికి విరుద్ధం కాదు.

చిక్కు మరోచోట ఉంది. ఫుడ్ ట్రక్కుకు లక్షల్లో పెట్టుబడి కావాలి. అంత పెట్టగలవాడికి స్థలమూ, అనుమతీ సులువుగా దొరికి, తోపుడు బండి ఆమెను మాత్రం "ట్రాఫిక్ అడ్డం" అని తరిమితే అది న్యాయం కాదు. మాకు తెలిసిన ఒకామె భర్త పోయాక ఇడ్లీ బండితో ఇద్దరు పిల్లల్ని చదివించింది. రోడ్డు పనులప్పుడు ఆ బండి తీయించారు. పనులు అయ్యాక ఆ చోటు ఆమెకు తిరిగి రాలేదు.

వీధిలో అమ్ముకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడిన ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో చెప్పింది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి. అది పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవారిని ఖాళీ చేయించరాదు. ఆ తరువాతైనా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతానికి తక్కువ కాకుండా వీధి విక్రేతలే ఉండాలి, వారిలో మూడో వంతు స్త్రీలు. జీవో ఒకటి, అమలు ఒకటి అన్న సంగతి ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అలాగని బండివారికి బాధ్యత లేదని కాదు. మంచినీళ్ళు, చేతి శుభ్రత, చెత్తబుట్ట తప్పనిసరి. మాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచడం ఆరోగ్యానికి చేటు. దానికి 2018 నుంచి నియమమే ఉంది. నీటి కుళాయి, మురుగు కాలువ చూపించి శుభ్రత అడిగితే ధర్మంగా ఉంటుంది.

కాబట్టి ఫుడ్ ట్రక్కులు రానివ్వండి. నూడుల్స్ అమ్మినా, బిర్యానీ అమ్మినా మన పెసరట్టుకు వచ్చిన ముప్పు లేదు. పెసరట్టు వేసే చేతికి నిలబడే చోటు లేకపోతేనే ముప్పు. వారికి కావలసింది గుర్తింపు పత్రం, 2020లో వచ్చిన స్వనిధి వంటి రుణానికి దరఖాస్తు, నోటీసు వస్తే జవాబు. దరఖాస్తుల మధ్యనే జీవితం గడిపినవాళ్ళం మనం. సంఘ కార్యాలయంలో వారానికి ఒక సాయంత్రం కూర్చుని వారికి ఆ కాగితాలు రాసిపెడితే ఎలా ఉంటుందో సభ్యులు ఆలోచించాలని మనవి.