వెండిపూత చెంచాలపై తయారీదారు ముద్రలు: ఒక చారిత్రక ఆధారం

శాసనాలు, దస్తావేజులు, గ్రంథాలు మాత్రమే చరిత్రకు ఆధారాలు కావు. ఇళ్లలో వాడి పక్కన పెట్టిన వస్తువులు కూడా ఆధారాలే. 19వ శతాబ్దపు ఇంగ్లండులో తయారైన వెండిపూత చెంచాలు, ఫోర్కులు ఇందుకు మంచి ఉదాహరణ. వీటి కాడ వెనుక భాగంలో చిన్న ముద్రలు ఉంటాయి. ఆ ముద్రలను ఏ విధంగా చదవాలో, ఎంతవరకు నమ్మాలో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. నేపథ్యం

సుమారు 1743లో షెఫీల్డు నగరానికి చెందిన థామస్ బౌల్సోవర్ రాగిపై వెండి రేకును వేడితో అతికించే పద్ధతిని కనుగొన్నాడు. తక్కువ ధరకే వెండిలా కనిపించే సామాను మార్కెట్టులోకి వచ్చింది. దీనితో కొనుగోలుదారు మోసపోయే అవకాశం కూడా ఏర్పడింది. 1773లో బ్రిటిష్ పార్లమెంటు షెఫీల్డు, బర్మింగ్‌హామ్ నగరాలలో వెండి నాణ్యతను పరీక్షించే కార్యాలయాలను ఏర్పాటు చేసింది. పూత సామానుపై ముద్రలు వేయడాన్ని నిషేధించింది. 1784 చట్టం ఈ నిషేధాన్ని సడలించింది. అసలు వెండి ముద్రలను పోలని గుర్తును నమోదు చేయించుకొని, దానిని తమ పేరుతోపాటు వేసుకోవడానికి షెఫీల్డు ప్రాంత తయారీదారులకు అనుమతి లభించింది.

1840లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జార్జ్, హెన్రీ ఎల్కింగ్టన్‌లు విద్యుత్తుతో పూత వేసే పద్ధతికి పేటెంటు పొందారు. దీనితో పాత అతుకు పద్ధతి క్రమంగా వెనుకబడింది. మధ్యతరగతి భోజనపు బల్లపైకి వెండి మెరుపు చేరింది.

2. అక్షరాల అర్థం

ఎక్కువగా కనిపించే ముద్ర 'ఇ.పి.ఎన్.ఎస్.' నికెల్ సిల్వర్‌పై విద్యుత్తుతో వెండిపూత వేశారని దీని అర్థం. నికెల్ సిల్వర్‌లో వెండి లేదు. అది రాగి, జింకు, నికెల్ కలిసిన మిశ్రమలోహం. మన దుకాణాలలో వినిపించే 'జర్మన్ సిల్వర్' దీనికి మరో పేరే. ఇది తెల్లగా ఉంటుంది కనుక పూత అరిగినా, రాగిలా ఎర్రగా బయటపడదు. 'ఇ.పి.బి.ఎం.' అని ఉంటే అడుగు లోహం బ్రిటానియా మెటల్, అంటే తగరం ప్రధానంగా ఉన్న మిశ్రమం. 'ఎ1' అనేది ప్రభుత్వ ప్రమాణం కాదు; తయారీదారు తన పూతకు తానే ఇచ్చుకున్న శ్రేణి.

నూటికి 92.5 పాళ్లు వెండి ఉన్న ఇంగ్లండు వస్తువుపై నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది. పూత సామానుపై ఆ ముద్ర ఉండదు. అయితే కొందరు తయారీదారులు తమ పొడి అక్షరాలను చిన్న చిన్న గడులలో వరుసగా ముద్రించి, చూడగానే అసలు వెండి ముద్రలా కనిపించేటట్లు చేశారు. కాబట్టి ముద్రల వరుసను చూసి మాత్రమే నిర్ణయానికి రాకూడదు.

3. కాలనిర్ణయం

జోసయా మేసన్ 1842లో ఎల్కింగ్టన్‌లతో భాగస్వామిగా చేరాడు. ఆ భాగస్వామ్యం 1861లో ముగిసింది. కనుక ముద్రలో ఎల్కింగ్టన్‌తోపాటు మేసన్ పేరు కూడా సూచితమైతే ఆ వస్తువు ఈ రెండు సంవత్సరాల మధ్య కాలానిదని చెప్పవచ్చు. 'ఇంగ్లండ్' అన్న పదం సాధారణంగా 1891 తరువాతి కాలాన్ని సూచిస్తుంది. దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలని అమెరికా సుంకాల చట్టం అప్పటినుంచి కోరింది. అయితే ఆ పదం లేనంత మాత్రాన వస్తువు అంతకంటే పాతదని చెప్పలేం. అమెరికాకు పంపని వస్తువుకు ఆ అవసరమే లేదు.

అమెరికాలో తయారైన '1847 రోజర్స్ బ్రదర్స్' ముద్ర మరో హెచ్చరిక. ఇక్కడ 1847 వ్యాపార చిహ్నంలో భాగం. 20వ శతాబ్దంలో తయారైన చెంచాలపై కూడా అదే అంకె ఉంది. దానిని తయారీ సంవత్సరంగా భావిస్తే చాలా దశాబ్దాల పొరపాటు జరుగుతుంది.

4. సారాంశం

ముద్ర అబద్ధం చెప్పకపోవచ్చు. కాని తయారీదారు చెప్పదలచుకున్నదే చెబుతుంది. అందువల్ల అడుగు లోహం, తయారీదారు పేరు, సంస్థ చరిత్ర, పూత అరిగిన తీరు అన్నింటినీ కలిపి చూడాలి. శాసనాన్ని పరిశీలించేటప్పుడు పాటించే జాగ్రత్తే చెంచాకూ వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఇ.పి.ఎన్.ఎస్.' ముద్ర ఉన్న వస్తువు అడుగు లోహంలో వెండి ఉంటుందా? వివరించండి.
2. ముద్రలోని అంకెను తయారీ సంవత్సరంగా ఎందుకు తీసుకోకూడదు?