కనుమ విషమూ, గుండె గీతలూ

హిమాలయాల్లో ఎత్తైన కనుమలు దాటేటప్పుడు వచ్చే తలనొప్పికీ, వాంతులకీ, ఆయాసానికీ విషపు మొక్కల వాసనే కారణమని అక్కడి మోతగాళ్ళు చెప్పేవారట. 19వ శతాబ్దపు తెల్లదొరలు తమ యాత్రాగ్రంథాల్లో ఈ సంగతి రాశారు. దాని పేరు 'కనుమ విషం'. తెలియనిదానికి కారణం వెతికిన ఆ మోతగాళ్ళే నయం. అది దేవుడు పెట్టే పరీక్ష అనేవాళ్ళు మనలో ఈనాటికీ ఉన్నారు.

నిజానికి గాలిలో ప్రాణవాయువు పాలు కొండ మీదైనా, సముద్రం ఒడ్డునైనా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల ఎత్తులో అది సుమారు సగమవుతుంది. ఫ్రాన్సు దేశపు పాల్ బెర్ట్ ఒత్తిడి తగ్గించిన ఇనప గదుల్లో తానే కూర్చుని చూసి, 1878లో పెద్ద గ్రంథం రాశాడు.

మరి గుండెకు ఏమవుతుంది? ఇది తెలియడానికి ఈసీజీ రావాలి. దాన్ని వాడుకలోకి తెచ్చిన ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. పెరూ వైద్యుడు పెన్యలోసా పదిమందిని ముందు సముద్రమట్టంలోనూ, తర్వాత ఏడాదిపాటు ఎత్తైన చోటనూ ఈసీజీ తీసి పరిశీలించి, 1957లో ఫలితాలు ప్రకటించాడు. ప్రాణవాయువు తగ్గితే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి. వాటిలోకి రక్తం నెట్టాల్సిన కుడి జఠరికపై బరువు పడుతుంది. అందుకే గుండె విద్యుత్తు దిశ కుడికి మొగ్గుతుంది, ఈసీజీలో 'టీ' అల రూపం మారుతుంది.

మన దేశంలో ఈ పాఠం ప్రాణాలు పోయాక నేర్చుకున్నది. 1962 చైనా యుద్ధంలో మైదానాల నుంచి జవాన్లను హడావుడిగా లడఖ్ కొండలకు చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి చాలామంది పడిపోయారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్ బృందం 1,925 మంది సైనికుల్లో పర్వతవ్యాధిని వివరిస్తూ 1969లో ప్రచురించిన వ్యాసాన్ని ప్రపంచమంతా చదివింది. ఇప్పుడు 9,000 అడుగులు దాటితే ఆరు రోజులు, 12,000 దాటితే నాలుగు, 15,000 దాటితే మరో నాలుగు రోజులు ఆగి అలవాటు పడాలన్నది సైన్యం నియమం. లెక్కల శాఖలో చేరిన కొత్తలో ఇవి పనిలేని రోజులకు ఖర్చులా కనిపించేవి నాకు. ఇంతకన్నా చవకైన మందు లేదని తర్వాత అర్థమైంది.

1985లో అమెరికాలో ఎనిమిదిమంది ఆరోగ్యవంతులను ఒత్తిడి గదిలో ఉంచి, దాదాపు 40 రోజుల్లో ఎవరెస్టు ఎత్తుకు 'ఎక్కించారు'. గీతలు మారాయి గానీ ప్రమాదకరమైన లయభంగం కనబడలేదు. కిందికి దించాక మామూలుగా వచ్చాయి. అయితే వాళ్ళు దృఢకాయులు. గుండె రక్తనాళాలు ముందే పూడుకుపోయిన అరవై ఏళ్ళవాడి సంగతి వేరు.

అమరనాథ్ గుహ ఎత్తు 3,888 మీటర్లు. కైలాస ప్రదక్షిణలో డోల్మా కనుమ 5,600 మీటర్లు దాటుతుంది. ప్రభుత్వం పంపే మానససరోవర యాత్రికులకు ఢిల్లీలో వైద్యపరీక్ష చేసి, దారిలో గుంజి వద్ద మళ్ళీ చూస్తారు. పనికిరారంటే వెనక్కి పంపుతారు. తొందరపడి పైకి పోయి ప్రాణం పోగొట్టుకున్నవారి ఇంటికి పరామర్శకు వెళితే మాత్రం 'శివసాయుజ్యం' అంటారు. ఆయాసం మొదలయిన రాత్రే వెయ్యి అడుగులు కిందికి దించి ఉంటే బతికేవాడేమో అని ఆ ఇంట్లో అనడానికి నాకింతవరకూ నోరు రాలేదు.